మంత్రగత్తెకు మారుమాట

మా పక్కింటి అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. మొన్న ఒక ఆంగ్ల నవల పట్టుకొని వచ్చింది. మహానగరంలో, మెట్రో రైళ్ళ సందడి నడుమ, పదహారేళ్ళ పిల్లలు రహస్యంగా మంత్రవిద్య అభ్యసించే కథ. అందులో మొదటి అధ్యాయాన్ని కళాశాల పత్రిక కోసం తెలుగు చేస్తున్నదట. "'విచ్' అంటే ఏమని వ్రాయాలండీ?" అని అడిగింది. మంత్రగత్తె అన్నాను. "కథలో అది బిరుదులా ఉంది, మీరంటే తిట్టులా వినిపిస్తోంది" అన్నది. ఇరవై ఏళ్ళుగా అనువాదాలు చేస్తున్న నాకు వెంటనే జవాబు తోచలేదు.

మహానగరంలో మంత్రాలు మనకు కొత్త కాదు. కలకత్తా మట్ లేన్‌లో రాబడి తగ్గిన ఒక జ్యోతిష్కుని బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ఏనాడో సృష్టించారు. ఆయనే తారానాథ్ తాంత్రికుడు. ఇరుకు సందులోని ఇంట కూర్చుని, వచ్చిన స్నేహితులకు తన సాధనల కథలు చెబుతూ ఉంటాడు. 1950లో తండ్రి గతించిన తరువాత ఆ పాత్రను కుమారుడు తారాదాస్ కొనసాగించారు. తారానాథ్ కథలలో బీర్‌భూం శ్మశానవాసిని ఒకతె ఉన్నది. అపార శక్తులు గల సాధకురాలు. జనం మాత్రం ఆమెను పిచ్చిదనే పిలుస్తారు! బెంగాలీలోనూ మాట దొరకలేదన్నమాట.

కలకత్తాలోనే పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రా బెనర్జీ దివాకరుణి 2003లో 'ద కాంచ్ బేరర్' అనే నవల వెలువరించారు. కథానాయకుడు ఆనంద్ పన్నెండేళ్ళవాడు, కలకత్తా టీ దుకాణంలో పనివాడు. అతని చేతికి ఒక మహిమగల శంఖం వస్తుంది. వీధులు ఊడ్చే నిషా అనే పిల్ల తోడు రాగా, దానిని హిమాలయాలకు చేర్చాలి. ఈ నవలను తెలుగు చేయవలసి వస్తే శంఖం దగ్గర నా కలం ఆగదు. ఆ మాట వినగానే మన చెవిలో గుడి గంట కూడా మ్రోగుతుంది. ఆంగ్ల పాఠకునికి ఆ భాగ్యం లేదు.

మంత్రగత్తె అనగానే వినిపించేది వేరు. చేతబడి, బాణామతి నెపంతో మన తెలంగాణ పల్లెలలో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. 'డాయన్' అని ముద్ర వేసి స్త్రీలను హింసించడాన్ని అరికట్టేందుకు బీహారు 1999లో, ఝార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలే చేయవలసి వచ్చింది. ఐరోపాలోనూ ఒకప్పుడు ఆ మాటతోనే ఆడవారిని కాల్చారు, ఉరితీశారు. కాని అక్కడ ఆ మంటలు చల్లారి రెండు శతాబ్దాలు దాటింది గనుక, నేటి పిల్లలు దానిని సరదాగా ధరించగలుగుతున్నారు. మన మాటకు ఇంకా వేడి తగ్గలేదు.

ఇదంతా చెబితే అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉన్నది. 'మాంత్రికురాలు' అని వ్రాయవచ్చునని సూచించాను. అది మరీ పౌరాణిక నాటకంలా ఉన్నదని నవ్వింది. నిజమే. "అయితే మంత్రగత్తె అనే వ్రాస్తాను. ఆ పిల్లచేత నేను మంత్రగత్తెనే అని గర్వంగా చెప్పిస్తాను" అన్నది. పల్లెలో ఆ నింద మోసిన స్త్రీ ఎవరైనా అది చదివితే ఏమనుకుంటుందని అడిగాను.

కాగితాలు నా బల్లమీదే వదిలి వెళ్ళింది. ఆ మాట ఉండవలసిన చోట పెన్సిలుతో ఒక గీత మాత్రం ఉన్నది.