తెర మీద డాక్టరు, కొండ మీద డోలీ

విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి నుంచి పాడేరుకు సుమారు 110 కిలోమీటర్లు. బస్సు అందేవారికి అది కొన్ని గంటల ఘాట్‌రోడ్డు ప్రయాణం. పాడేరుకు ఆవల, రోడ్డు ఆగిపోయిన చోట, కొండ మీది గూడెంలో నొప్పులు మొదలైన తల్లికి ఆ ప్రయాణం డోలీతో మొదలవుతుంది. కర్రకు దుప్పటి కట్టి, వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటి, అంబులెన్సు నిలిచే చోటికి చేరుస్తారు. అనంతగిరి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వంటి మన్యం మండలాల నుంచి ఇలాంటి వార్తలు వానాకాలం వస్తే చాలు, పత్రికల్లో కనబడుతూనే ఉన్నాయి.

అదే మన్యానికి ఇప్పుడు ఫోన్ తెర మీద డాక్టరు కూడా వస్తున్నాడు. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని సేవను ఊరి ఆరోగ్య కేంద్రాల ద్వారా 2019 నవంబరులో అందరికంటే ముందు అమలులోకి తెచ్చిన రాష్ట్రం మనదే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే సౌకర్యం కూడా దానికి తోడైంది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతటా ఈ సంప్రదింపులు 10 కోట్లు దాటితే, అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. ఇది చిన్న విషయం కాదు. దీని కోసం శ్రమించినవారిని అభినందించాలి.

అయితే ఈ రెండు దృశ్యాలూ ఒకే జిల్లాలో, ఒకే కాలంలో ఎలా ఉన్నాయి? దేవుని ప్రజలుగా మనం ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

ముందు ఈ సేవ ఎలా నడుస్తుందో చూద్దాం. రోగి ఊరి క్లినిక్‌కు వస్తాడు. అక్కడున్న ఆరోగ్య ఉద్యోగి బీపీ, షుగరు చూసి, బోధనాసుపత్రిలోని హబ్‌లో కూర్చున్న డాక్టరును వీడియోలో కలుపుతారు. డాక్టరు మందు రాస్తే క్లినిక్‌లోనే ఇస్తారు. బీపీ, షుగరు, చర్మవ్యాధులు, మానసిక వేదన, మందులు మానకుండా వాడాల్సిన క్షయ, సికిల్‌సెల్ వంటి జబ్బులకు ఇది నిజమైన మేలు. సికిల్‌సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ రోగికి నెలనెలా డాక్టరు సలహా కావాలి. ప్రతిసారీ విశాఖ రావడమంటే కూలి పోయినట్టే, చార్జీలకు అప్పు చేసినట్టే.

కానీ తెర కాన్పు చేయదు. పాముకాటుకు సూది వేయదు. మలేరియా తలకెక్కిన బిడ్డకు సెలైన్ పెట్టదు. అక్కడ రోడ్డు కావాలి, బండి కావాలి, రక్తం నిల్వ ఉన్న ఆసుపత్రి కావాలి. పైగా సిగ్నల్ లేని గూడేనికి తెర కూడా చేరదు. భాష మరో అడ్డు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అవ్వ తన కడుపునొప్పిని తెలుగు డాక్టరుకు రెండు నిమిషాల్లో ఎలా చెప్పగలదు? అందుకే ఎన్ని సంప్రదింపులు జరిగాయన్న లెక్క, ఎంతమంది బాగుపడ్డారన్న లెక్క ఒకటి కావు. పెద్దాసుపత్రికి వెళ్లమని డాక్టరు చెప్పినవారిలో ఎందరు నిజంగా వెళ్లగలిగారు? ఎన్ని క్లినిక్‌లలో పోస్టులు ఖాళీగా ఉన్నాయి? ప్రభుత్వం ఈ లెక్కలను కూడా మండలాలవారీగా ప్రజల ముందు పెట్టాలి. రోడ్ల పనులు, గర్భిణుల వసతి గృహాలు, బైక్ అంబులెన్సులు ఈ-సంజీవనికి పోటీ కావు. అవి లేకపోతే డాక్టరు చెప్పిన సలహా సలహాగానే మిగిలిపోతుంది.

సువార్తల్లో కపెర్నహూములో జరిగిన రెండు స్వస్థతలు ఈ సందర్భంలో గుర్తుకొస్తున్నాయి. ఒకటి శతాధిపతి దాసునిది. ప్రభువు ఆ ఇంటి గడప తొక్కలేదు, దూరం నుంచే బాగుచేశాడు. రెండోది పక్షవాయువు గల మనిషిది. నలుగురు అతన్ని మోసుకొచ్చి, జనం వల్ల దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి ఆయన ముందు దించారు. ఒకచోట మాట దూరం దాటింది. మరోచోట మనుషులే భుజాల మీద దూరాన్ని దాటించారు. ప్రభువు రెండింటినీ అంగీకరించాడు. ఇంకో సంగతి గమనించండి. ఆ ఇద్దరు రోగుల్లో ఎవరూ తమంతట తాము రాలేదు. దాసుని కోసం శతాధిపతి పెద్దలనూ స్నేహితులనూ పంపాడని లూకా రాశాడు. రెండుచోట్లా మధ్యలో ఎవరో ఒకరు పూనుకున్నారు.

నేటి వైద్యంలో లోటు ఎక్కువగా ఆ మధ్యనే ఉంది. అక్కడ నిలబడటం సంఘానికి తగిన పని.

మన్యంలో పరిచర్య చేసే కాపరులకు గూడెం భాష తెలుసు, ఏ ఇంట్లో గర్భిణి ఉందో తెలుసు. ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో చెయ్యి కలపండి. ప్రసవ తేదీకి ముందే తల్లిని ఆసుపత్రికి దగ్గరగా చేర్చేలా ఇంటివారికి నచ్చచెప్పండి. డాక్టరు తెర మీద ఉన్నప్పుడు అవ్వ పక్కన కూర్చుని ఆమె మాటను తెలుగులో చెప్పండి. ఆమె అనుమతి తీసుకోండి, విన్నది బయట చెప్పకండి.

విశాఖ నగర సంఘాలకు మరో మాట. ఏడాదికి ఒక రోజు కొండ మీద వైద్య శిబిరం పెట్టి, ఫోటోలు దిగి వచ్చేస్తే, ఆ రోజు ఇచ్చిన బీపీ మాత్రలు నెలకు అయిపోతాయి. దానికి బదులు ఒక్క గూడేన్ని ఎంచుకుని ఏడాది పొడవునా వెంట ఉండండి. మీ సంఘంలో నర్సులున్నారు, పోర్టులో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. కేజీహెచ్‌కు వచ్చిన గిరిజన కుటుంబానికి ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో చూపించేవారు, రాత్రి తలదాచుకునే చోటు ఇచ్చేవారు ఉంటే చాలు, సగం భయం పోతుంది. 2021 ఏప్రిల్‌లో ఈ ఉక్కు నగరం నుంచే ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. అంత దూరానికి ఊపిరి పంపిన ఊరికి తన వెనుకనున్న కొండ దూరం కాకూడదు.

రెండు హెచ్చరికలు కూడా అవసరం. ప్రార్థన చేశాం కదా అని మందు మాన్పించడం, ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయించడం విశ్వాసం కాదు. పౌలు ప్రియ సహచరుడు లూకా వైద్యుడేనని మరువకండి. అలాగే సాయం పొందినవారు మన ఆరాధనకు రావాలని షరతు పెట్టకండి. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి మతం అడగలేదు.

గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, స్త్రీలకు వైద్యం అందించిన నేల ఇది. ఆనాడు డాక్టరే రోగి దగ్గరకు రావాల్సి వచ్చింది. నేడు డాక్టరు మాట ఊరికి చేరుతోంది. ఆ మాటకూ మంచం మీదున్న మనిషికీ మధ్య మిగిలిన నాలుగు అడుగులు నడవడానికి మనం సిద్ధమా? వచ్చే ఆదివారం కమిటీ కూడికలో ఈ ఒక్క ప్రశ్న చర్చకు పెట్టండి.