భాగహారంలో మాయమవుతున్న సున్నా

గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతమేనని 2024 వార్షిక విద్యా స్థితి నివేదిక (అసర్) తేల్చింది. ఎనిమిదో తరగతిలోనూ అది 45.8 శాతం దగ్గరే ఆగింది. ఎక్కాలు రాకపోవడమే కారణమని చాలామంది అంటారు. ఎక్కాలు రావాల్సిందే. కానీ 612ను 6తో భాగించి 12 అని రాసే బిడ్డకు ఆరో ఎక్కం వచ్చు. ఆరు ఒకట్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు అని తప్పు లేకుండానే చెప్పింది. పోయింది మధ్యలోని సున్నా. సంఖ్యను విడివిడి అంకెలుగా చూపించి భాగహారం నేర్పుతున్నందువల్లే అది పోతోంది.

‘6లో 6 ఒకసారి పోతుంది, 1 దించు, 2 దించు’ అనే వరుసలో మొదటి 6 ఆరు వందలన్న సంగతే వినిపించదు. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు ఆరుగురికి పంచమనండి. తలా ఒక వంద వస్తుంది. పది నోటు ఒక్కటే, ఆరుగురికి చాలదు. పదుల్లో ఎవరికీ ఏమీ రాలేదు కనుక అక్కడ సున్నా రాయాలి. ఆ నోటును చిల్లర మార్చి ఉన్న రెండు రూపాయలతో కలిపితే పన్నెండు, తలా రెండు. జవాబు 102. ‘దించడం’ అంటే మిగిలినదాన్ని చిల్లర చేసి కింది స్థానంతో కలపడమని అప్పుడు అర్థమవుతుంది. మిగతా మూడు ప్రక్రియలూ ఒకట్ల నుంచి మొదలై, భాగహారం మాత్రం ఎడమ నుంచి ఎందుకు మొదలవుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. వందల్లో మిగిలినది పదులుగా, పదుల్లో మిగిలినది ఒకట్లుగా విడిపోతుంది. ఒకట్లతో మొదలుపెడితే పైనుంచి మిగులు వచ్చినప్పుడల్లా మళ్లీ పంచాలి. ఆరు వందలు ఆరుగురికి పంచితే తలా వందకు తగ్గదని ముందే తెలిసిన బిడ్డ 12ను తనే కొట్టేస్తుంది.

నోట్లతో ఆడిస్తే చాలదా అంటే, చాలదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2025లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో బేరాల లెక్కలు నోటితో చకచకా చేసే పిల్లలు బడిలో అడిగే తరహా భాగహారం దగ్గర తడబడ్డారు. అందుకే పంచిన ప్రతి వాటానూ అప్పటికప్పుడే పలకపై దాని స్థానంలో రాయించాలి. భాజకం 23 అయితే నోట్లు పంచలేం కదా అన్న అభ్యంతరమూ ఉంది. నిజమే, కానీ ఆలోచన మారదు: 966లో తొమ్మిది వందలు 23 మందికి చాలవు, 96 పదులైతే తలా నాలుగు వస్తాయి, మిగిలిన నాలుగు పదులూ ఆరు ఒకట్లూ కలిసి 46, తలా రెండు. ఇక సమయం చాలదన్నది బరువైన అభ్యంతరం. ఏకోపాధ్యాయ బడుల్లో మరీనూ. అయితే నాలుగో తరగతిలో మిగుల్చుకున్న ఆ సమయాన్ని ఎనిమిదో తరగతి దాకా అదే పాఠం మళ్లీ చెప్పడానికి ఖర్చుపెడుతున్నాం.

పరీక్ష అడగనిదానికి బడిలో తీరిక దొరకదు కాబట్టి మార్పు ప్రశ్నపత్రం నుంచే రావాలి. మూడు, నాలుగు తరగతుల పరీక్షల్లో 102 అన్న జవాబుకు ఒక మార్కు, మధ్యలో సున్నా ఎందుకొచ్చిందో చెప్పినందుకు మరో మార్కు ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాను.