కాలంగి దోమ వేరు, విక్టోరియా దోమ వేరు

సూళ్లూరుపేట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది:

"డాక్టరు గారికి నమస్కారములు. మా అబ్బాయికి ఇరవై మూడేళ్లు. ఇంజనీరింగు పూర్తయింది. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉగాండా దేశంలో విక్టోరియా సరస్సు దగ్గర ఒక పల్లెకు ఆరు నెలలు వెళుతున్నాడు. మంచినీటి బావులు తవ్వించడం, బడిలో పిల్లలకు చదువు చెప్పడం వాడి పని. ప్రయాణం ఇంకా రెండు నెలలుంది. మందుల మాట ఎత్తితే 'కాలంగి గట్టున దోమల మధ్య పెరిగినవాణ్ణి, నాకేమవుతుందమ్మా' అని నవ్వుతున్నాడు. ఇంట్లో మిగిలిన బోదకాలు మాత్రలూ, చలిజ్వరం మాత్రలూ కొన్ని పెట్టెలో సర్దాను, అక్కడివాళ్లకైనా పనికొస్తాయని. ఇంకేమేం పంపాలి? ఊరగాయ పంపవచ్చునా?"

అమ్మా! మీ అబ్బాయి వెళ్లేది మంచి పనికి. ఆపమని నేను చెప్పను. ఆ నవ్వును మాత్రం ఆపాలి.

మన పేటల్లో మురుగు కాల్వల దగ్గర పుట్టి రాత్రంతా కుట్టే దోమల్లో ఎక్కువ భాగం క్యూలెక్స్ జాతివి. అవి బోదకాలును మోస్తాయి గాని మలేరియాను మోయవు. మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ. ఈ సంగతిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. ఉగాండా పల్లెల్లో ఆ అనాఫిలిస్ దోమే ఫాల్సిపారం అనే ప్రాణాంతకమైన మలేరియాను మోస్తుంది. 2023లో ప్రపంచం మొత్తం మీద మలేరియాతో సుమారు 6 లక్షల మంది చనిపోతే వారిలో నూటికి 95 మంది ఆఫ్రికా ఖండం వారే. అక్కడ పుట్టి, పసితనం నుంచి పదేపదే ఆ జ్వరం పడి బతికి బయటపడ్డ పెద్దవాళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మీ అబ్బాయికి అది లేదు. కాలంగి దోమ ఎన్ని వేలసార్లు కుట్టినా రాదు.

కాబట్టి నివారణ మాత్రలు తప్పవు. మీరు సర్దిన మాత్రలు క్లోరోక్విన్ అయివుంటే తీసెయ్యండి. ఉగాండాలో ఫాల్సిపారం దానికి లొంగదు. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఆరు వారాల లోపు ఉండేవారికి రోజూ డాక్సీసైక్లిన్, అంతకు మించి ఉండేవారికి వారానికొకసారి మెఫ్లోక్విన్. ఈ రెండవది ప్రయాణానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. తిరిగి వచ్చాక మరో నాలుగు వారాలు మింగాలి. అయితే మూర్ఛ గాని, మానసికమైన జబ్బు గాని ఎప్పుడైనా ఉన్నవారికి మెఫ్లోక్విన్ పనికిరాదు. కొందరికి పీడకలలు, బెంగ కలిగిస్తుంది. అలాంటివారికి వేరే మందులున్నాయి. ఏది ఇవ్వాలో ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి రాసే డాక్టరు చెప్పాలి, మందుల షాపువారు కాదు. మాత్రలు మింగినా మందు పట్టించిన దోమతెర, పొడుగు చేతుల చొక్కా మానకూడదు.

ఇక టీకాలు. ఎల్లో ఫీవరు టీకా లేనిదే ఉగాండాలో అడుగు పెట్టనివ్వరు. మన దేశానికి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ సర్టిఫికెట్టు చూపకపోతే ఆరు రోజుల దాకా విడిగా నిర్బంధంలో ఉంచవచ్చు. (ఎల్లో ఫీవరంటే మన పచ్చకామెర్లు కాదు. ఆకు పసర్లతో పోయే జబ్బు అంతకన్నా కాదు.) ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గర మద్రాసే. లోకల్ బండి ఎక్కితే గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి రావచ్చు. ముందుగా వారు వేసే రోజు కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లమనండి. వేయించుకున్న పదో రోజు నుంచి గాని సర్టిఫికెట్టు చెల్లదు. 2016 జూలై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. టైఫాయిడు, హెపటైటిస్ ఎ, బి, ధనుర్వాతం, తట్టు టీకాలు కూడా చూసుకోవాలి. పల్లెలో కుక్కలుంటాయి గనుక రేబిస్ టీకా ముందుగానే వేయించుకుంటే మరీ మంచిది.

పులికాట్ ఒడ్డున పెరిగిన కుర్రవాడికి నీళ్లు కనిపిస్తే దిగాలనిపిస్తుంది. మన సరస్సు ఉప్పుది. విక్టోరియా మంచినీటి సరస్సు. ఒడ్డునున్న నాచులో బతికే చిన్న నత్తల నుంచి కంటికి కనిపించని పురుగులు నీళ్లలోకి వస్తాయి. మోకాలిలోతు నీళ్లలో నిలబడితే చాలు, నిమిషాల్లో చర్మం గుండా లోపలికి చొరబడతాయి. దీన్ని బిల్హార్జియా అంటారు. ఏళ్ల తరబడి తెలియకుండా ఉండి కాలేయాన్నీ, పేగులనూ పాడుచేస్తుంది. మన దేశంలో దాదాపు లేని జబ్బు గనుక ఇక్కడి డాక్టరుకు అది వెంటనే తట్టదు. ఈత వద్దు, ఒడ్డున బట్టలుతకడం వద్దు. స్నానానికి బావినీళ్లు, లేదా రెండు రోజులు తొట్టిలో నిలవ ఉంచిన నీళ్లు. మీ అబ్బాయి తవ్వించబోయే బావి విలువ ఇక్కడే ఉంది చూడండి. ఇంటి దగ్గర బావి ఉంటే బిందె పట్టుకుని సరస్సులో దిగే పిల్లలు తగ్గుతారు.

అక్కడ ఆరుబయట ఆరేసిన బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట కట్టుకుంటే పురుగు చర్మంలో దూరి సెగగడ్డలా లేస్తుంది. లోపలి బట్టలతో సహా అన్నిటినీ ఇస్త్రీ చేసి గాని తొడగకూడదు. ఉత్తకాళ్లతో మట్టిలో తిరిగితే జిగ్గర్లనే పురుగులు కాలివేళ్లలో చేరతాయి. అందుకు బూట్లు.

అన్నిటికన్నా తల్లులు మరచిపోయేది రోడ్డు. విదేశాలకు పోయిన కుర్రవాళ్ల ప్రాణాలు అంటురోగాలకన్నా రోడ్డు ప్రమాదాలే ఎక్కువగా తీస్తున్నాయి. ఉగాండాలో అద్దె మోటారు సైకిళ్లను బోడా బోడా అంటారు. పెట్టెలో హెల్మెట్టు ఒకటి పెట్టండి. మరొక మాట, తల్లికి ఇబ్బందైనా చెబుతున్నాను. ఎయిడ్స్ సంగతి, నిరోధ్ సంగతి అబ్బాయితో ఇంట్లో మగవారెవరైనా స్పష్టంగా మాట్లాడాలి. ఇంజెక్షను చేయించుకోవలసి వస్తే కొత్త సిరంజి కళ్లముందు విప్పించుకోమనండి.

ఇప్పుడు మీ మాత్రల పెట్టె. బోదకాలు మాత్ర, అంటే డి.ఇ.సి., మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో బయటపడిన మందు. మనకు వరం. (ఇంట్లో మిగిలాయంటే ఎవరో మింగలేదన్నమాట. ఆ సంగతి మరో వారం.) కాని ఆఫ్రికాలో నల్లఈగ కాటుతో వచ్చే నదీతీరపు అంధత్వం అనే జబ్బు చాలాచోట్ల ఉంది, ఉగాండాలోనూ కొన్ని జిల్లాల్లో ఉండేది. ఆ పురుగు ఒంట్లో ఉన్నవారికి డి.ఇ.సి. ఇస్తే తీవ్రమైన దద్దుర్లు, జ్వరం వచ్చి కంటిచూపు కూడా దెబ్బతినవచ్చు. మధ్య ఆఫ్రికాలో లోవా అనే మరో పురుగున్నవారికిస్తే మెదడుకే ముప్పు. నదీతీరపు అంధత్వం ఉన్న ప్రాంతాల్లో బోదకాలుకు ఐవర్మెక్టిన్‌తో కలిపి వేరే మందులు ఇస్తారు. మీరు ప్రేమతో సర్దిన మాత్ర ఒక ముసలమ్మ చూపు తీస్తే?

బయటినుంచి వచ్చినవాడి చేతిలో మందుల సంచి కనిపిస్తే పల్లె అంతా వరస కడుతుంది. అతను ఇంజనీరు, డాక్టరు కాడు. మన ఆశా కార్యకర్తల్లాగే అక్కడ విలేజ్ హెల్త్ టీమ్ అని ఊరివాళ్లే స్వచ్ఛందంగా పనిచేసేవారున్నారు. జబ్బుపడినవారిని వాళ్ల దగ్గరకు నడిపించడమే అతను చేయగల వైద్యం. సాయానికి వెళ్లినవారే రోగం తీసుకుపోయిన ఉదంతం కూడా ఉంది. హైతీ దేశంలో 2010లో ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరం మురుగు ఏటిలో కలిసి కలరా పుట్టింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. కాబట్టి మరుగుదొడ్డి బావికి ఎంత దూరం ఉండాలో మీ అబ్బాయే అందరికన్నా గట్టిగా పట్టుబట్టాలి. విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వంటపాత్రలు ముట్టకూడదు.

తిరిగి వచ్చాక మూడు నెలల లోపు ఏ కొంచెం జ్వరం వచ్చినా, మాత్రలన్నీ తప్పకుండా మింగినవాడైనా సరే, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. నోరు తెరవగానే "ఆఫ్రికా నుంచి వచ్చాడు, మలేరియాకు రక్తం చూడండి" అనండి. అది చెప్పకపోతే డెంగీ అనుకుంటారు, టైఫాయిడు అనుకుంటారు. ఈలోగా ఫాల్సిపారం ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కవచ్చు. మొదటి పరీక్షలో లేదని వస్తే ఊరుకోకండి. పన్నెండు గంటలకో, రోజుకో మళ్లీ చేయించండి, మొత్తం మూడుసార్లు. సరస్సు నీళ్లలో దిగివుంటే బిల్హార్జియా పరీక్ష కూడా అడగండి. దానికి మందుంది.

ఊరగాయ నిక్షేపంగా పంపండి, గట్టి మూత పెట్టి. ఆ పక్కనే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇరవై సర్దండి. ఒక పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు. లీటరు గుర్తున్న సీసా ఒకటి కూడా పెట్టండి, అక్కడ కొలత కోసం వెతుక్కోకుండా.