కక్షిదారే తీర్పరి కారాదు

2025 వక్ఫ్ సవరణ చట్టం పంచాయతీల ఆస్తులను కూడా ‘ప్రభుత్వ ఆస్తి’గా నిర్వచించింది. చాగలమర్రి వంటి ఊరిలో ఖబరస్తాను స్థలం తమదని రేపు పంచాయతీ అంటే, విచారించేది ప్రభుత్వం నియమించిన అధికారే. ఆయన నివేదిక వచ్చేవరకు అది వక్ఫ్ కాదట! కక్షిదారుకే తీర్పు అప్పగించడం కాక ఇదేమిటి?

2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ నిబంధనలలో కొన్నింటిని నిలిపివేసింది. ట్రిబ్యునలులో హక్కు తేలి, హైకోర్టు ఉత్తర్వులు వెలువడేవరకు వక్ఫ్‌ను ఖాళీ చేయించరాదు, రికార్డులు మార్చరాదు. ఆలోగా ముతవల్లులూ ఇతరులకు హక్కులు కల్పించరాదు.

ఇది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. పంచాయతీలకు, రెవెన్యూ అధికారులకు సలహా చెప్పే ప్రభుత్వ న్యాయవాదులు నోటీసు వెళ్లకముందే దీనిని వారికి వివరించాలని కోరుతున్నాము. కాలపరిమితి చట్టం నుండి వక్ఫ్ దావాలకు ఉన్న మినహాయింపు తొలగింది. దానిపై స్టే లేదు. మన కమిటీలు గెజిటు ప్రతులను, పాత దస్తావేజులను ఈ నెలలోనే వెలికితీయాలి.