కంప కొట్టుడు: మంటనా, మిషనా, మన చెయ్యా?

పోస్టు పొడుగు ఉంటది, ఓపికతో చదవండి. ఈసారి స్కాలర్‌షిప్ గురించి కాదు, మెస్ చార్జీల గురించి కాదు. కంప గురించి. నవ్వకండి. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయిన మాలో ప్రతి ఒక్కరం పట్టింది పుస్తకం కాదు, గొడ్డలి. తిరిగి హాస్టల్‌కు వచ్చినంక ఒకరి చేతులు ఒకరికి చూపించుకున్నాం. జనగామ పిల్లల చేతులకు తుమ్మ ముండ్లు, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల చేతులకు పులికంప గీతలు. కోయ, లంబాడా, నాయకపోడు అని బయట ఎన్ని పంచాయితీలు ఉన్నా ముల్లు మాత్రం అందరికీ ఒకే తీరుగా గుచ్చుకుంది.

ఆ రాత్రి మెస్ బయట కూర్చొని మాట్లాడుకుంటే తేలింది ఏందంటే, మా అందరి ఇండ్లల్లో ఒకటే బాధ ఉంది. పట్టా వచ్చింది. భూమి ఉంది. కానీ సగం భూమి పొదల కిందనే ఉంది.

ఎందుకు పెరిగినయి ఈ పొదలు? మా వాళ్లకు బద్ధకం అని అనేవాళ్లు ఉన్నారు, కాలేజీలో మా మొహం మీదే అన్నవాళ్లు కూడా ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు రావాలి. మన దగ్గర చాలామందికి ఆ కాగితం 2023 జూన్ 30 తర్వాతనే చేతికొచ్చింది. అప్పుడు ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రం మొత్తం మీద సుమారు లక్షన్నర మందికి, 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. మధ్యల పోయిన ఏండ్లు లెక్కబెట్టండి. అరక కడితే ఆపుడు, కందకం తవ్వుడు, మొక్కలు నాటుడు, కేసు పెడతామనుడు. కొన్ని కుటుంబాలు భయానికి రెండెకరాలు దున్ని మిగతా రెండెకరాలు వదిలేసినయి. వదిలిన నేల ఊకె ఉంటదా? మూడు వానలకు మొల లోతు, ఆరు వానలకు మనిషి ఎత్తు. ఇప్పుడు కాగితం మీద నాలుగెకరాలు ఉన్నోళ్లు రెండెకరాలల్లనే పత్తి పెడుతున్నరు.

ఇంకో భయం కూడా ఉంది. పచ్చగా పొద కమ్మితే రేపు ఎవరన్నా వచ్చి "ఇది సాగు భూమి కాదు, అడవి" అంటే? అందుకే మా అయ్యలు, బాపులు తొందరపడతరు. తొందరపడితే చేతికి దొరికేది అగ్గిపెట్టె.

మంట గురించి నిజం చెప్పుకోవాలి. కాలబెడితే మొదటి ఏడు పంట మంచిగనే వస్తది, బూడిదల పొటాష్ ఉంటది కాబట్టి. పెద్దోళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ మన చెల్క భూముల్లో, అందులోనూ వాలు మీద, ఆకు అలం అంతా కాలిపోయిన నేల మీద మొదటి పెద్ద వాన పడితే బూడిదతో పాటు పైమట్టి కూడా వాగులకు పోతది. పాత రోజుల్లో ఒక చోట కొట్టి కాల్చి రెండు మూడు పంటలు తీసి ఇంకో చోటికి పోయేటోళ్లు, నేలకు కోలుకునే టైం దొరికేది. ఇప్పుడు పట్టా నంబర్‌తో ఒకే ముక్కకు కట్టేసినంక అదే ముక్కను మళ్ల మళ్ల కాలిస్తే మిగిలేది మొరం. పైగా మంట మన గట్టు దగ్గర ఆగదు. గంగారం వైపు మా దోస్తు వాళ్ల చేనులో పెట్టిన మంట గాలికి పక్క అడవిలోకి దాటింది. ఏటా పువ్వు ఏరుకునే ఇప్పచెట్లు రెండు మాడిపోయినయి. తర్వాత అటవీ సిబ్బంది వచ్చిండ్రు, వాళ్ల అయ్య నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగిండు. రిజర్వ్ ఫారెస్టుకు నిప్పు అంటితే 1967 అటవీ చట్టం కింద నేరమే, దాంట్ల మాకు వాదన లేదు. మా వాదన ఏందంటే, అగ్గిపెట్టె తప్ప ఇంకో దారి చూపించినోడు ఎవడు?

చూపించిన దారి జేసీబీ. కొడకండ్ల దగ్గర తండాలో ఒకళ్ల ఇంట్లో ఈ వేసవిలో గంటకు 1,200 రూపాయల లెక్కన జేసీబీ పెట్టిండ్రు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా చేను సాపు అయింది, చూసేటందుకు ముద్దుగా ఉంది. వానలు పడ్డంక తెలిసింది. పొదతో పాటు జానెడు పైమట్టిని కూడా గీకి గట్టు మీదికి నూకిండు. ఎన్నేండ్ల పశువుల ఎరువో అది. కింద ఎర్రగట్టి తేలింది. గట్టు మీద కంప కుప్ప, దాంట్ల పాములు. డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, ఆ బండి తవ్వుడుకు పుట్టింది, మనం కోతకు వాడినం.

ఇప్పుడు అసలు ముచ్చట. మల్చర్ అనే మిషన్ ఉంది. పత్తి కట్టెను ట్రాక్టర్ వెనుక తగిలించిన మిషన్‌తో పొడి చేసుడు మీలో కొందరు చూసే ఉంటరు. దానికి పెద్దన్న అనుకోండి. జోరుగా తిరిగే ఇనుప డ్రమ్ము, దానికి గట్టి పండ్లు. నిలబడ్డ పొదను, సన్న చెట్టును అక్కడికక్కడే నమిలి ముక్కలు చేసి నేల మీదనే పరుస్తది. అమెరికా, కెనడా లాంటి దేశాల్లో అడవి అంచుల్లో, కరెంటు లైన్ల కింద పెద్ద పెద్ద బండ్లతో ఇదే పని చేస్తరు. తవ్వుడు లేదు, కాల్చుడు లేదు, మట్టి కదలదు. పరుచుకున్న పొట్టు ఎండకు తేమను కాపాడతది, వానకు మట్టిని పట్టుకుంటది, గడ్డిని అణగబెడతది. మొదటిసారి వీడియోలో చూసినప్పుడు హాస్టల్ గదిలో విజిల్ వేసిండ్రు మావాళ్లు.

విజిల్ వేసినంక కొంచెం ఆలోచించినం.

జనగామ సంగతి తీసుకుందాం. అక్కడ దట్టమైన అడవి తక్కువ. దేవరుప్పుల, పాలకుర్తి వైపు బీడు భూముల్లో, చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద ఉన్నది సర్కారు తుమ్మ. దీని పుట్టుక మన దేశం కాదు. 1870ల్లో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేసిండ్రు, వంటచెరుకు కోసం. సర్కారు తెచ్చింది కాబట్టే సర్కారు తుమ్మ అయింది. కాయ తియ్యగుంటది, మేకలు, పశువులు తింటయి, పేడలో గింజ ఊరంతా తిరుగుతది. దీని మొండితనం ఎక్కడుందంటే, మొదలు దగ్గర మట్టి లోపల దీనికి మొగ్గలు దాగి ఉంటయి. పైన ఎంత నున్నగా కొట్టినా, మల్చర్‌తో ఎంత మెత్తగా నమిలినా, ఒక కొమ్మ బదులు పది కొమ్మలు లేస్తయి. అంటే మిషన్ పోయినంక ఆ మొదళ్లను జానెడు లోతు తవ్వి వేరు నరికే మనిషి కావాలి. ఆ లెక్క మిషన్ వీడియోలో కనబడదు.

ఇంకోటి. ఆ తుమ్మ మీద బతికేటోళ్లు ఉన్నరు. మా తండాలల్లో దాన్ని కొట్టి బొగ్గు బట్టీలకు అమ్మిన డబ్బులతో ఫీజు కట్టినోళ్లు ఈ గ్రూపులోనే ఉన్నరు, పేర్లు చెప్పం. యాడి పొయ్యిలోకి పోయేది అదే. లావు కట్టెను కూడా మిషన్‌కు పెట్టి పొట్టు చేసుడు అంటే సొమ్ము మట్టిల కలుపుడే. ముందు మనుషులు మణికట్టు లావుకు మించిన కట్టె తీసుకోవాలి, సన్నకంపకు మాత్రమే మిషన్ రావాలి, ఆ వెనుక గడ్డపార రావాలి. పొట్టు పరిచిన చేనులో ఆ ఏడే పత్తి పెట్టినా కష్టమే. చెక్కపొట్టు దున్నితే మట్టిలో కలిసి మురిగేటప్పుడు నత్రజనిని అదే గుంజుకుంటది, పత్తి పచ్చబడిపోతది. మొదటి ఏడు కందో ఉలవో వేస్తే ఇబ్బంది తక్కువ. ఈ మాట రైతుకు చెప్పకుండా మిషన్ దించితే వచ్చే ఏడు ఆయన మళ్ల అగ్గిపెట్టె దగ్గరికే పోతడు.

కొత్తగూడ, గంగారం, గూడూరు, అటు మహదేవపూర్, పలిమెల సంగతి వేరే. అక్కడ చేను గట్టు దాటితే అడవి. పట్టా చేనులో చిన్న మిషన్ సరే. అడవి లోపలికి మాత్రం ఏ మిషన్ రావద్దు అని మేము గట్టిగా అంటున్నాం. దీని మీద మాలో మాకే గొడవ అయింది. ఒక తమ్ముడు అడిగిండు: "పులికంప కింద పశువులకు గడ్డి లేదు, బడికి పోయే తోవ మూసుకుపోయింది, కట్లపాము ఎక్కడుందో తెల్వదు, అడవిని మాత్రం ఎందుకు సాపు చేయొద్దు?" సరైన ప్రశ్నే. కానీ మిషన్‌కు పులికంప ఏదో, తునికి మొక్క ఏదో, చార మొక్క ఏదో తెలుస్తదా? ఒకే తీరు నములుతది. మన అవ్వకు తెలుస్తది. తునికాకు సీజన్‌కు ముందు కొమ్మ కొట్టుడు పని చేసేటోళ్లకు ఏ కొమ్మ ఎంత ఎత్తులో కొడితే లేత ఆకు వస్తదో కండ్లు మూసుకొని చెప్తరు.

పులికంపకు ఒక పద్ధతి ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు చెప్పిన పద్ధతి: పైన నరకొద్దు, మట్టి లోపల, వేరు మొదలయ్యే చోట కొట్టి, చెట్టును తలకిందులు చేసి పెట్టాలి, మళ్ల మట్టి అంటకుండా. కార్బెట్ వైపు అడవుల్లో ఇట్ల తీసి గడ్డిమైదానాలు మళ్ల లేపిండ్రు. దీనికి డీజిల్ అక్కరలేదు, గడ్డపార, గొడ్డలి, మనుషులు, కూలి డబ్బులు చాలు. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు ఇంకో మాట చెప్తరు. పూర్వం చలి చివర్ల చిన్న చిన్న మంటలు పెట్టి నేలను సాపు ఉంచేటోళ్లమని, ఆ మంటలు బంద్ చేసినంకనే లంటానా ఎక్కువైందని. మనకు మంట మంచిదని దీని అర్థం కాదు, సోలిగల అడవి వేరు, మన అడవి వేరు. కాని అడవిని ఎప్పుడు ఎట్ల చూసుకోవాలో అక్కడ ఉన్నోళ్లను అడగాలి అనేది మాత్రం రెండు చోట్లా ఒకటే. వాళ్లకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చినయి. మనకు వ్యక్తిగత పట్టాల పండుగ జరిగింది గాని, చట్టంలో 3(1)(ఐ) కింద ఊరి అడవి మీద ఊరికే ఉండాల్సిన హక్కు సంగతి గ్రామసభలో ఎవరూ ఎత్తరు. మేమూ ఎత్తలేదు, మొన్నటి దాకా మాకే తెల్వదు.

ఇక్కడ ఒక చేదు మాట. 2025 మార్చి చివర్ల హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి రాత్రనక పగలనక బుల్డోజర్లు దిగినప్పుడు మేము కూడా ఫోన్లల్లో చూసి బాధపడ్డం. యూనివర్సిటీ విద్యార్థులు నిలబడ్డరు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. మంచి పనే. ఆ విద్యార్థులకు మా సలాం. కానీ అప్పుడు జరిగిన చర్చ గుర్తుందా? అది అడవా, ఉత్త పొదలా అని. అమ్మాలనుకున్న రోజు పొద, కాపాడాలనుకున్న రోజు అడవి. మా చేను దగ్గరికి వచ్చేసరికి ఉల్టా అయితది. మా అయ్య కొడితే అడవి, కరెంటు లైన్ కోసం కొడితే పొద. చెల్పూరు ప్లాంటు నుంచి పోయే పెద్ద తీగల కింద కంప ఎన్నిసార్లు కొట్టినా ఎవరినీ స్టేషన్ చుట్టూ తిప్పరు. తీగల కింద కొట్టొద్దని మేము అనట్లేదు, కరెంటు మాకూ కావాలి. ఒకటే మొక్కకు రెండు పేర్లు పెట్టకండి అంటున్నాం.

2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిండ్రు. 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాలు అన్నరు. మా ఊళ్లల్లో ముచ్చటంతా బోరు మీద, సోలార్ మోటార్ మీదే. బోరు పాయింట్ దాకా పోయే తోవలోనే మనిషెత్తు పొద ఉంటే మోటార్ ఎవరి కోసం? ముందు నేల తేలాలి. మండలానికి ఒక ట్రాక్టర్ మల్చర్‌ను మహిళా సంఘం చేతిలో కిరాయికి పెట్టండి అని ఏటూరునాగారం ఐటీడీఏలో దరఖాస్తు ఇవ్వాలనుకుంటున్నాం. కాంట్రాక్టర్ చేతిలో వద్దు. ఎందుకు వద్దో జేసీబీ కథ చదివినోళ్లకు తెలుసు. మిషన్ వెనుక వేర్లు తవ్వే పని, అడవి అంచున పులికంప తీసే పని ఉపాధి పనిలో పెట్టాలి. అటవీ హక్కు భూమి తప్ప వేరే భూమి లేని గిరిజన కుటుంబాలకు 2014లో 100 రోజుల మీద ఇంకో 50 రోజులు పని పెట్టిండ్రని మా ఊళ్లల్లో చాలామందికి ఎవరూ చెప్పనేలేదు. అట్లాంటి పని రోజులు కంపకు పెడితే ఊరిలో మనిషి ఊరిలోనే ఉంటడు, మిర్చి ఏరుడుకు ఖమ్మం పోయే బండ్లు కొన్నైనా తగ్గుతయి.

"మీరు చదువుకుంటున్నరు కదా, కంపతో మీకేం పని" అని ఇంట్లోనే అడిగిండ్రు. పని ఉంది. ఇంటికి ఒక్కొక్కరం చదువుకు వచ్చినం అంటే కంప కొట్టే చేతులు ఇంటికి రెండు తగ్గినయి. మా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం అయిన ప్రతిసారి ఆ రెండెకరాలే గుర్తుకొస్తున్నయి, పొద కింద ఉన్న రెండు.

దసరా సెలవులకు గంగారం వైపు ముగ్గురం, కొడకండ్ల వైపు ఇద్దరం, కాటారం వైపు ఇద్దరం పోతున్నాం. ఒక్కో చోట పావెకరం. లావు కట్టె ఇంటికి, సన్నకంప నరికి అక్కడే పరుచుడు, మొదళ్లు జానెడు లోతు తవ్వుడు, సగం మొదళ్లు తవ్వకుండా వదిలేసుడు, తేడా చూడాలి కదా. ఎంతమందిమి ఎన్ని రోజులు పట్టిందో రాసిపెడతాం. సంక్రాంతికి మళ్ల పోయి ఎన్ని మొలకలు లేచినయో లెక్కబెట్టి ఫొటోలతో సహా ఇక్కడే పెడతాం. మీ దగ్గర కంపను ఏమని పిలుస్తరో, జేసీబీ గంటకు ఎంత తీసుకుంటున్నడో, గడ్డపారలు అప్పు ఇచ్చేటోళ్లు ఎవరన్నా ఉన్నరో కింద రాయండి. మాకు నాలుగే ఉన్నయి.