జిలెటిన్‌కు రికార్డే కాపలా
ప్రొద్దుటూరు: కడప విమానాశ్రయంలో ప్రయాణికుడి చేతిసంచీ సైతం ఎక్స్‌రే తనిఖీ దాటనిదే విమానమెక్కదు. గనులకు తరలే జిలెటిన్‌ కడ్డీలకు అటువంటి యంత్రం అడ్డుండదు, రికార్డే కాపలా. ఆ కాపలా ఎంత కీలకమో 2021 మే 8న తేటతెల్లమైంది. కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గని వద్ద పేలుడు పదార్థాలు దించుతుండగా విస్ఫోటం సంభవించి 10 మంది దుర్మరణం పాలయ్యారు. మృతుల్లో పలువురు పులివెందుల ప్రాంతీయులే.

2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం కొనుగోలు, వినియోగం, నిల్వలను నమోదు చేయాలి. లైసెన్సు గల ప్రత్యేక వాహనంలోనే తరలించాలి. పులివెందుల పరిధిలోని వేముల ముగ్గురాళ్ల గనులకు, జమ్మలమడుగు ప్రాంత సున్నపురాయి గనులకు పేలుళ్లు అనివార్యం. కనుక రికార్డులోని అంకెను గోదాములోని కడ్డీలతో అధికారులు స్వయంగా సరిచూడాలి. గని వద్ద తప్పిన లెక్కను విమానాశ్రయ యంత్రం ఒక్కటే సరిదిద్దజాలదు.