మా కంప్యూటరుకి ముసలితనం రాలేదండీ!

మా హాల్లో కంప్యూటరు కొని 6 ఏళ్ళు. నెల రోజులుగా స్విచ్చి వేస్తే తెరుచుకోడానికి 10 నిమిషాలు పట్టేది. ఏమీ తెరవకపోయినా లోపల ఫ్యాను పిండిమరలా ఒకటే మోత. "ముసలిదైపోయింది, కొత్తది కొనేద్దాం" అన్నారు మావారు. మా అబ్బాయి అప్పుడే మోడళ్ళు వెతకడం మొదలెట్టాడు. వీధి చివర షాపతన్ని పిలిస్తే 5 నిమిషాలు చూసి, "ఇంక పనికిరాదు మేడమ్, 45 వేలలో కొత్తది ఇప్పిస్తా" అని, చూసినందుకు 300 పుచ్చుకుని వెళ్ళాడు.

45 వేలంటే ఎక్కడివి? నా చీటీ డబ్బు. 2 ఏళ్ళుగా వాయిదా వేస్తున్న నా పంటి వైద్యానికి దాచుకున్నది. "ఆ వైపు నమలకుండా సర్దుకుంటున్నావుగా, ఇంకొన్నాళ్ళు ఆగలేవా" అన్నారు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తప్పుగా అనిపించలేదు. వాళ్ళననేముంది? "ఆ కంప్యూటరు గొడవలు నాకేం తెలుసు" అని ఇన్నేళ్ళూ అంటూ వచ్చింది నేనే. తెలీదన్న మనిషిని సలహా ఎవరడుగుతారు? డబ్బు మాత్రం అడుగుతారు.

పప్పు ఉడక్కపోతే కుక్కరు పారేస్తామా? మంట చూస్తాం, నీళ్ళు చూస్తాం, గాస్కెట్ చూస్తాం. ఇదీ అంతే కదా అనిపించింది.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక కూర్చున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అన్న చోట నొక్కితే ప్రాసెసర్ని ఎక్కువ తింటున్నవి పైకొస్తాయి. మాది 95 దాటి ఉంది. పైన ఉన్న రెండూ యాంటీవైరస్‌లే! ఒకటి కొన్నప్పుడు వేయించింది, రెండోది ఉచితమని మావాడు దింపుకున్నది. ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళు ఒకళ్ళ గిన్నె మూత ఒకళ్ళు తీసి చూస్తున్నట్టు, ప్రతి ఫైలునీ రెండూ తనిఖీ చేస్తున్నాయి. ఒకదాన్ని తీసేశాను.

తర్వాత స్టార్టప్ జాబితా. పిలవని పేరంటానికి వచ్చినట్టు, స్విచ్చి వేయగానే 11 ప్రోగ్రాములు లేస్తున్నాయి. అక్కర్లేనివి డిజేబుల్ చేశాను. అలా చేస్తే అవి పోవు, మనం పిలిచినప్పుడే వస్తాయి. చివరికి ప్లగ్గు పీకేసి డబ్బా పక్క రేకు విప్పితే ఫ్యాను నిండా దుమ్ము. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని, పొడి బ్రష్‌తో మెల్లగా దులిపాను.

ఇప్పుడు ఊరికే ఉన్నప్పుడు 5 శాతం దగ్గర ఉంటోంది. ఖర్చు సున్నా.

ఒక్క మాట. డీటెయిల్స్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అన్న పేరు పక్కన 90 పైన కనిపిస్తే కంగారుపడకండి. అది ప్రాసెసర్ ఖాళీగా ఉందని చెప్పే లెక్క. అప్‌డేట్లు జరిగేటప్పుడు కాసేపు పెరిగినా దానంతటదే దిగుతుంది. నిజంగా పాతబడిన యంత్రాలూ ఉంటాయి, కాదనను. కానీ రోగం చూడకుండా దహనం ఏర్పాట్లేమిటి?

ఇందులో నేను చేసిన ఘనకార్యమేమీ లేదు. నేను చదివింది తెలుగు బీఏ. గ్యాస్ రెగ్యులేటరు బిగిస్తాం, వాషింగ్ మెషీన్ ఫిల్టరు కడుగుతాం, ఫోన్లో కరెంటు బిల్లు కడతాం. హాల్లో ఆ కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం "నాకు తెలీదమ్మా" అని కొంగు దులుపుకుంటాం. అది అణకువ కాదండీ, మన డబ్బు మీద పెత్తనం ఇంకొకళ్ళకి రాసిచ్చేయడం. మీ ఇంట్లో కొత్తది కొందామన్న మాట వస్తే, ముందు ఆ మూడు మీటలూ మీ చేత్తో నొక్కండి.

సోమవారం పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆ పూట వంట మావారిదే.